ఔటర్‌లో

పద్దెనిమిదేళ్ళు నాకు
తెల్లవారడమంటే పడుకునే వేళ.
పార్శిల్ ఆఫీసులో రాత్రంతా
రొయ్యల పెట్టెలు, మల్లెల బుట్టలు, మామిడి కాయలు
తూకం వేసి, చీటీ అంటించి,
ఏడింటికి ఇల్లు చేరి
కిటికీకి పాత దుప్పటి కట్టి నిద్రపోయేవాణ్ణి.
సూర్యుడు నాకు
పేరు మాత్రమే తెలిసిన పై అధికారి.

మొన్న ఒకటో తారీకున డే డ్యూటీ వేశారు.
తొమ్మిదింటికల్లా సంతకం.

మా ప్రణీత దగ్గర స్కేలు అడిగి తీసుకుని
తెల్ల కాగితం మీద గళ్ళు గీశాను.
నాలుగున్నరకి లేవడం.
నాలుగూ నలభైకి గోరువెచ్చని నీళ్ళు.
ఐదింటికి నడక. ఆరింటికి స్నానం.
ఆరుంబావు నుంచి అరగంట పేపరు.
బీరువా తలుపుకి అంటించి
రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాను.
పెట్టె మీద చిరునామాలా స్పష్టంగా ఉంది.
సరుకు ఊరు చేరిపోయినట్టే అనిపించింది.

మర్నాడు నాలుగున్నరకే లేచాను.
ఇల్లు నాకంటే ముందే లేచి ఉంది.

రత్నావళి పల్లీల పచ్చడికి మిక్సీ తిప్పుతోంది.
అమ్మాయి వంటింటి గట్టుకి వీపు ఆనించి
కెమిస్ట్రీ వల్లె వేస్తోంది.
స్టవ్ ఒక పక్క అన్నం, ఒక పక్క పప్పు,
నా గోరువెచ్చని నీళ్ళకి మూడో పొయ్యి లేదు.
"కాస్త అటు జరగండి."
జరిగాను.
"అక్కడ కాదు, ఇప్పుడే తుడిచాను."
వరండాలోకి పోయాను.
అక్కడ బకెట్లు నాకంటే ముందొచ్చి
వరసలో ఉన్నాయి.

ప్లాట్‌ఫారాలన్నీ నిండి ఉన్నాయి.
నన్ను ఔటర్‌లో నిలబెట్టారు.

బెజవాడ స్టేషన్లో పనిచేసేవాణ్ణి,
ఔటర్‌లో ఆగిన బండిలో జనం
ఏమని తిట్టుకుంటారో నాకు తెలుసు.
అవే నేనూ తిట్టుకున్నాను,
పైకి మాత్రం కాదు.

వారం గడిచింది. కాగితం బీరువాకే ఉంది,
దాని మీద ఒక్క టిక్కూ పడలేదు.
ఎనిమిదో రోజు దాన్ని తిరగేసి
ఖాళీ వైపు తన టైము రాయడం మొదలుపెట్టాను.
నాలుగుంబావు, చీపురు.
నాలుగూ ఇరవై, కుక్కర్.
ఐదూ పది, పాల ఏసుపాదం; బెల్లు కొట్టడు,
గేటు గొళ్ళెం రెండుసార్లు కదుపుతాడంతే.
ఐదున్నర, అమ్మాయికి జడలు;
రెండోది అల్లేలోపు మొదటిది వదులవుతుంది.
ఆరుంబావు, మునిసిపల్ నీళ్ళు.
ఆరున్నర, క్యారేజీలు రెండు.
రాస్తుంటే వేళ్ళు నొప్పెట్టాయి.
నేను కట్టుకున్న దుప్పటికి ఇవతల
రోజూ ఇన్ని బళ్ళు నడిచాయి ఈ ఇంట్లో.
ఒక్కటీ లేటు లేదు.
ఏ ఒక్కదాని బరువూ నేను తూచలేదు.

వెతికితే రెండే సందులు దొరికాయి.
ఐదూ పదికి పాలు అందుకోవడం.
ఆరుంబావుకి
డ్రమ్ము నిండేదాకా పైపు పట్టుకోవడం.
ఆ రెంటిలోకీ దూరాను.

డ్రమ్ము నిండడానికి పదకొండు నిమిషాలు.
పేపరు ఒంటి చేత్తో మడిస్తే
మొదటి పేజీ అవుతుంది. చాలు,
లోపలి పేజీలు మధ్యాహ్నానికీ పాతబడవు.
నడకంటారా, పాలు లోపల పెట్టి
చెత్తబుట్ట పట్టుకుని
సత్యనారాయణపురంలో ఒకప్పుడు పట్టాలుండిన రోడ్డు దాకా.
అందరూ బూట్లేసుకుని నా పక్కనుంచి దాటిపోతారు.
నా అడుగులు ఇంకా స్లీపర్ల ఎడం కొలుచుకుంటాయి.

నిన్న పైపు పట్టుకుని నిలబడి ఉంటే
రత్నావళి గడప దగ్గరికొచ్చి
గ్లాసు చాచింది.
గోరువెచ్చని నీళ్ళు.
నేను అడగలేదు. కాగితం తను చదివినట్టు
ఎప్పుడూ చెప్పలేదు.
గడియారం చూశాను, ఆరూ ఇరవై రెండు.
గంటా నలభై రెండు నిమిషాలు లేటు.
ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలనుకుంటూ
ఒక్కో గుక్కే తాగుతున్నాను,
డ్రమ్ము పొంగి పాదాల మీద పడింది.
"చూసుకోరూ!" అంటూనే
తన చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని
అక్కడే నిలబడింది,
క్యారేజీల వేళ అయినా.